వెలిగొండ కింద రాత్రి పురుగులు: ఫొటో నుంచి పేరు దాకా, ఐదు నెలల డైరీ

చోటు మా ఇంటి వెనుక పెరడు. రాపూరు నుంచి పెంచలకోన వెళ్ళే దారిలో, వెలిగొండల అడుగున, రెండున్నర ఎకరాల నిమ్మతోట, దాని పక్కన 40 బత్తాయి చెట్లు. పగలు మోటార్ల వైండింగు పని చేస్తాను. రాత్రి దీపానికి వచ్చే రెక్కల పురుగులను (ఇంగ్లీషులో మాత్‌లు) ఫొటో తీసి, ఒక్కొక్కదానికీ పేరు తేల్చాలని 2024 జూలైలో మొదలుపెట్టాను. ఎవరైనా తమ పెరట్లో ఇదే పని చేస్తే, నేను వృథా చేసుకున్న రాత్రులు వాళ్ళకు మిగలాలి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పిలుపు గురించి ఒక్క మాట. చిమ్మట అంటే కొందరికి బట్టలు కొట్టే పురుగు, ఇంకొందరికి చెట్టు మీద రొదపెట్టే పురుగు. శలభం పద్యాల్లో మిగిలిపోయింది. రైతులు రెక్కలు వచ్చినదాన్ని రెక్కల పురుగు అనో తల్లి పురుగు అనో అంటారు, ఆకు తినే దశను లద్దె పురుగు, గొంగళి పురుగు అంటారు. నేనూ ఆ మాటలే వాడుతున్నాను.

ప్రతి దశ చివర, మొదటి రాత్రి నుంచి అప్పటిదాకా కలిపి, నాలుగు అంకెలు వేస్తాను: రాత్రులు, ఫొటోలు, విడివిడిగా కనిపించిన రకాలు, జాతి దాకా పేరు తేలినవి. నాకు ముఖ్యం చివరిది.

దశ 1: పాదరసం బల్బు, పాత పంచె (జూలై 6 – 27)

సామాను: 160 వాట్ల పాదరస ఆవిరి బల్బు (చోక్ అక్కర్లేని రకం) 350 రూపాయలు, పింగాణీ హోల్డరు 60, వైరు 120. రెండు వెదురు కర్రల మధ్య నాయన పాత పంచె కట్టాను. కెమెరా నాలుగేళ్ళ కిందట సెకండ్‌హ్యాండులో కొన్నది, దాన్ని ఖర్చులో కలపడం లేదు.

మొదటి తప్పు దిక్కు. పంచెను పొలం వైపు తిప్పి కట్టాను. అక్కడ బోరు కింద ఎడగారు వరి ఉంది. ఎనిమిది గంటలకల్లా పచ్చదోమ, సుడిదోమ (వరి రసం పీల్చే చిన్న పురుగులు) కమ్ముకున్నాయి. ప్రతి రెక్కల పురుగు వీపు మీదా నాలుగు దోమలు. పని అయ్యాక చీపురుతో ఊడ్చి టీ గ్లాసులో పోస్తే గ్లాసున్నర వచ్చింది. మూడో రాత్రి పంచెను కొండవైపు తిప్పి, వరికి ఇల్లు అడ్డం వచ్చేలా కట్టాను. దోమ గ్లాసు అడుగున ఒక పొరకు తగ్గింది. తంగేడు, బలుసు, కలే పొదలున్న గట్టు వైపు నుంచి కొత్త రకాలు రావడం అప్పుడే మొదలైంది.

రెండో తప్పు వాన. జూలై 13న సన్నటి జల్లు పడింది. నాలుగు చినుకులే. కాలి ఉన్న గాజు మీద పడగానే బల్బు పేలింది. దాని మీద రేకు కప్పు లేకుండా వెలిగించకండి. పైగాజు పగిలి లోపలి గొట్టం ఇంకా వెలుగుతుంటే ఆ వెలుగు కళ్ళకు ప్రమాదం, వెంటనే స్విచ్చి ఆపాలి. ముక్కల్లో పాదరసం ఉంటుంది కాబట్టి ఒట్టి చేతులతో ఏరకూడదు, గొడ్లు తిరిగే చోట వదలకూడదు. రెండో బల్బుకు మరో 350.

జూలై 20న పగలు గట్టి వాన పడి రాత్రికి ఉసిళ్ళు లేచాయి. పంచె కింద రెక్కల కుప్ప, ఆ కుప్ప చుట్టూ కప్పలు. ఆ రాత్రి ఒక్క పనికివచ్చే ఫొటో లేదు. మంచి వాన పడిన మొదటి రాత్రి దీపం పెట్టకపోవడమే మేలు. ఇంకొక హెచ్చరిక: ఎరుపు, నలుపు పట్టీలతో చీమలా పొడుగ్గా ఉండే చిన్న పురుగు ఒకటి దీపానికి వస్తుంది. మెడ మీద వాలితే ఊది పంపాలి. నేను అరచేత్తో నలిపాను. మర్నాటికి మెడ మీద వేలెడు పొడవున కాలిన గాయంలా బొబ్బలేచి, తగ్గడానికి తొమ్మిది రోజులు పట్టింది.

పేరు తేలినవన్నీ రైతులకు తెలిసినవే. పొగాకు లద్దె పురుగు తల్లి, శనగపచ్చ పురుగు తల్లి, వరి ఆకుముడత, వరి కాండం తొలిచే పురుగు. చివరి దాంట్లో ఆడదాని పసుపు రెక్కల మీద ఒక్కో నల్లచుక్క ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. వేరుశనగను తినే ఎర్ర గొంగళి తల్లి కూడా వచ్చింది. దాని ముందు రెక్క అంచున పసుపు గీత ఉంది కాబట్టి అది అంసాక్టా ఆల్బిస్ట్రైగా. గీత ఎర్రగా ఉంటే అంసాక్టా మూరై అయ్యేది. తొలకరి వానకు ఇవి భూమిలోంచి లేచేటప్పుడు ఊరంతా చేల గట్ల మీద మంటలు వేసేవాళ్ళని నాయన చెప్పాడు.

*మొత్తం: 6 రాత్రులు, 412 ఫొటోలు, 58 రకాలు, 9 పేర్లు. ఖర్చు 880 రూపాయలు.*

58లో 9. మిగతా 49 నాకు "గోధుమ రంగుది", "చిన్న తెల్లది", "త్రికోణంలా ఉన్నది" మాత్రమే. ఫొటోలు చూడటానికి బాగానే ఉన్నాయి, కానీ పేరు తేల్చడానికి కావలసింది వాటిలో లేదు. ఇక్కడి నుంచి చేసిన మార్పులన్నీ ఈ తేడా తగ్గించడానికే.

దశ 2: దీపం మార్చడం (ఆగస్టు 3 – 17)

పాదరసం బల్బుతో పెద్ద చిక్కు కరెంటు. కోత పడితే మళ్ళీ వెలగడానికి బల్బు చల్లారాలి. ఆ పది నిమిషాల్లో పంచె మీద సగం ఖాళీ. బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ కావాలనుకున్నాను.

మొదట కొన్నది నోట్లు పరీక్షించే రకం ఊదారంగు దీపం, 395 నానోమీటర్లది (వెలుగు తరంగం పొడవుకు కొలత ఇది). తరువాత 365 నానోమీటర్లది, 10 వాట్లు, డ్రైవరుతో కలిపి 1,450. మొదటిది కొట్టులో వాడేందుకు తెచ్చిందే కాబట్టి దాన్ని ఖర్చులో రాయలేదు. మూడింటినీ పోల్చాను. ఆగస్టు 3, 4 రాత్రులు అమావాస్య సమయం. ఒక్కో దీపం అరగంట, రెండు విడతలు. రెండో రాత్రి వరస తిప్పేశాను, ఎందుకంటే ఎనిమిదికి వచ్చే పురుగులు వేరు, పదికి వచ్చేవి వేరు. సెంటీమీటరు కన్నా పెద్దవై, అరగంట చివర గుడ్డ మీద కూర్చుని ఉన్నవాటినే లెక్కించాను.

- పాదరసం, 160 వాట్లు: 118
- 365 నానోమీటర్లు, 10 వాట్లు: 97
- 395 నానోమీటర్లు, 10 వాట్లు: 31

పదహారో వంతు కరెంటుతో ఐదింట నాలుగు వంతులు వచ్చాయి. పాదరసం బల్బును ఆ రోజే అటక మీద పెట్టాను. ఒక జాగ్రత్త: 365 వెలుగు మనకు మసకగా కనిపిస్తుంది, కంటికి చేసే హాని మాత్రం మసకగా ఉండదు. అతినీలలోహితాన్ని ఆపే కళ్ళజోడు లేకుండా దీపం వైపు చూడకండి.

12 వోల్టుల 7 ఆంపియర్ గంటల బ్యాటరీ 900. కాగితం మీద 84 వాట్ గంటలు, అంటే ఎనిమిది గంటలు దాటాలి. నిజంగా నడిచింది 6 గంటల 10 నిమిషాలు. రాత్రి ఏడున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా సరిపోతుంది.

గుడ్డ విషయం. సబ్బుపొడితో ఉతికిన పంచె ఈ దీపం కింద నీలంగా మెరిసింది. తెల్లదనం కోసం ఆ పొడిలో కలిపే పదార్థం కంటికి కనపడని వెలుగును నీలంగా మారుస్తుంది. అందానికి బాగుంది గానీ తెల్లటి పురుగులన్నీ ఫొటోల్లో నీలిరంగు పూసుకున్నాయి. గుడ్డను ఒట్టి నీళ్ళతోనే ఉతకాలి.

ఎత్తు విషయంలోనూ కొన్ని రాత్రులు పోయాయి. దీపం నేల మీద పెట్టి పైకి వెలుగు పడేలా చేస్తే, పురుగులు వచ్చేవి గానీ వెల్లకిలా తిరిగి గడ్డిలో పడి కొట్టుకునేవి. రెక్కల అంచులు చిరిగేవి. కారణం 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో దొరికింది. పురుగు దీపం వైపు ఆకర్షణతో దూసుకురాదు, వీపును వెలుగు వైపు తిప్పుకుంటుంది. రాత్రి ఆకాశం నేల కన్నా వెలుగు కాబట్టి అడవిలో ఆ అలవాటుతో దాని ఒళ్ళు నిటారుగా నిలుస్తుంది. దీపం పక్కన ఉంటే దాని చుట్టూ తిరుగుతుంది. దీపం కింద ఉంటే తలకిందులై పడిపోతుంది. నా గడ్డిలో జరుగుతున్నది అక్షరాలా అదే. ఇది చదివాక పంచె, కర్రలు తీసేసి గొట్టం కట్టాను:

1. అర అంగుళం పీవీసీ పైపులతో 60 సెంటీమీటర్ల వెడల్పు రింగులు రెండు, మధ్య నాలుగు నిలువులు. మొత్తం ఎత్తు 170 సెంటీమీటర్లు. పైపులు 160 రూపాయలు.
2. చుట్టూ తెల్ల దోమతెర గుడ్డ, 4 మీటర్లు, 240 రూపాయలు. అడుగున జానెడు వదులు ఉంచి ఇసుక పోస్తే గాలికి లేవదు.
3. దీపం లోపల, నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తున వేలాడాలి. పైన రేకు మూత.
4. గొట్టం కింద పాత గోనెపట్టా పరవాలి. పడినవి కనిపిస్తాయి, మన కాళ్ళ కింద నలగవు.

పురుగులు గుండ్రంగా తిరిగి దోమతెర కన్నుల్ని పట్టుకుని కూర్చున్నాయి. పడేవి బాగా తగ్గాయి. ఆగస్టు 10న నాలుగు గంటల్లో 143 వచ్చాయి. ఆగస్టు 17న, పున్నమికి రెండు రోజుల ముందు, అదే గొట్టం, అంతే సమయం, 38 మాత్రమే. అప్పటి నుంచి పున్నమికి అటూ ఇటూ నాలుగు రోజులు నిద్రకే కేటాయించాను.

*మొత్తం: 11 రాత్రులు, 905 ఫొటోలు, 83 రకాలు, 14 పేర్లు. ఖర్చు 3,630.*

రకాలు పెరిగాయి, పేర్లు కదల్లేదు.

దశ 3: కెమెరా (ఆగస్టు 24 – సెప్టెంబరు 8)

లెన్సు 18–55 మిల్లీమీటర్లది, దానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (చిన్నవాటిని దగ్గరి నుంచి తీయడానికి లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే బోలు రింగులు) 1,100 రూపాయలు. ఫ్లాష్ 2,600. వీటి కన్నా ఎక్కువ ఉపకరించింది ఐస్‌క్రీం డబ్బా.

ఫ్లాష్ నేరుగా వేస్తే రెక్కల మీది పొలుసులు అద్దంలా మెరిసి గీతలన్నీ మాసిపోయాయి. తెల్లటి ఐస్‌క్రీం డబ్బా అడుగు కోసి, ఫ్లాష్ తలకు తొడిగి, మూత స్థానంలో ట్రేసింగ్ కాగితం రెండు పొరలు అంటించాను. కాగితం, టేపు కలిపి 60. ఒక పొర చాలలేదు. మూడు పొరలకు ఫ్లాష్ వెలుగు సరిపోలేదు.

చివరికి నిలిచిన అంకెలు: ఎఫ్/11, 1/160 సెకను, ఐఎస్ఓ 400. ఎఫ్/16 పెడితే రెక్క మొత్తం ఫోకస్‌లోకి వస్తుంది కానీ సన్నటి గీతలు మెత్తబడతాయి. తెల్ల గుడ్డ వెనుక ఉన్నప్పుడు కెమెరా దాన్ని బూడిదరంగు అనుకుని చీకటి చేస్తుంది, అందుకే వెలుగు సవరణ +1. మొదటి దశలో నా ఫొటోలన్నీ బూడిదరంగుగా రావడానికి కారణం ఇదే.

ఫోకస్ చూసుకోవడానికి కొట్టు నుంచి తెచ్చిన చౌక ఎల్‌ఈడీ బల్బు వెలిగిస్తే, ఫ్లాష్ లేని ఫొటోల్లో అడ్డంగా నల్లపట్టీలు పడ్డాయి. మన కరెంటు 50 హెర్ట్జులు, అలాంటి బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. బ్యాటరీతో నడిచే టార్చి వాడితే పట్టీలు పోయాయి.

కొలత మీద మూడు రాత్రులు చెడగొట్టుకున్నాను. గ్రాఫ్ కాగితం ముక్కను పురుగు పక్కన చేత్తో పట్టుకుని తీశాను. ఒక పురుగు రెక్క ఒకసారి 34 మిల్లీమీటర్లు వచ్చింది, ఇంకోసారి 31. కాగితం కెమెరాకు దగ్గరగా ఉంటే పురుగు చిన్నదిగా, దూరంగా ఉంటే పెద్దదిగా లెక్క తేలుతుంది. ఇప్పుడు కాగితం కుట్లను దోమతెరకే అరచేతి ఎడంలో పిన్నులతో గుచ్చాను. పురుగూ కొలతా ఒకే తలంలో ఉంటాయి.

సెప్టెంబరు 7 వినాయక చవితి. వీధి చివర పందిరి దీపాలకు మా గొట్టం కనిపించలేదు. 11 పురుగులు.

ఎగిరేవాటిని నిదానింపజేయడానికి సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచమని చాలామంది చెబుతారు. 20 నిమిషాలు ఉంచి తీశాను. మన తేమకు సీసా తెరవగానే పురుగు ఒళ్ళంతా మంచుబొట్లు. ఆ నీటికి రెక్కలు ఒకదానికొకటి అంటుకుని పొలుసులు ఊడాయి. అలా ఒక గన్నేరు పురుగును, ముదురు, లేత ఆకుపచ్చల ముగ్గులాంటి రెక్కలున్నదాన్ని, పాడుచేశాను. ఆ బాధ ఇంకా ఉంది. ఫ్రిజ్ పద్ధతి మానేశాను.

దాని బదులు తెల్లవారుజాము పట్టుకున్నాను. ఒంటిగంటన్నరకు దీపం ఆగిపోయాక చాలా పురుగులు గొట్టం మీదే ఉండిపోతాయి. నాలుగున్నరకు చల్లదనానికి బిగుసుకుని కదలవు. ఐదుంబావు దాకా నింపాదిగా తీసుకోవచ్చు. ఆ తరువాత పసులపోలిగాడు పిట్ట వస్తుంది. ఒక ఉదయం నేను ఆలస్యంగా లేచేసరికి 14 పురుగుల్లో మూడే మిగిలాయి, కింద గోనె మీద విడి రెక్కలు. పిట్టకు పళ్ళెం వడ్డించినట్టయింది. అప్పటి నుంచి ఐదు గంటల పది నిమిషాలకు గొట్టాన్ని పొదల దగ్గరకు మోసుకెళ్ళి మెల్లగా విదిలిస్తున్నాను.

ఒక్కో పురుగుకు ఇప్పుడు తీస్తున్న వరస:

1. ముట్టుకోకుండా పైనుంచి, రెక్కల తలానికి సరిగ్గా ఎదురుగా.
2. పక్కనుంచి. రెక్కలు పాకకప్పులా వాలాయా, బల్లపరుపుగా ఉన్నాయా తెలియాలి.
3. ముఖం, మీసాలు. మగవాటి మీసాలు చాలా జాతుల్లో దువ్వెనలా ఉంటాయి.
4. కొలత కాగితంతో కలిపి.
5. మెత్తటి కుంచెతో ముందు రెక్క అంచును తాకి, వెనుక రెక్క కనిపించిన క్షణం.
6. సాదా గాజుసీసాలోకి ఎక్కించి, అడుగు వైపు నుంచి పొట్ట.

ఐదో మెట్టుకే అసలు విలువ. ముందు రెక్కలు ఎండుటాకులా, బెరడులా ఉండి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా వెనుక రెక్క మీద దాగి ఉంటుంది.

ఆగస్టు 31, ఉదయం 4 గంటల 40 నిమిషాలు. గొట్టం మీద లేత గోధుమరంగు రెక్కల మధ్య నల్లగీత ఉన్న ఒక మగ పురుగు, పొట్ట ఎర్రగా, దాని మీద నల్లచుక్కల వరస. సీసా దగ్గరకు తెచ్చాను. పొట్ట చివర నుంచి బూడిదరంగు వెంట్రుకలు నిండిన గొట్టాలు నాలుగు బయటికి వచ్చాయి. బుడగల్లోకి గాలి ఊదినట్టు, ఒక్కోటి మెలికలు తిరుగుతూ పెరిగి, పురుగు ఒంటి కన్నా పొడుగయ్యాయి. నిమిషం కన్నా తక్కువసేపు అలా ఉంచి, మళ్ళీ ముడుచుకుంది. క్రియాటోనోటోస్ గాంగిస్. ఆడదాన్ని పిలిచే వాసన ఆ గొట్టాల నుంచి వస్తుంది. గొంగళిగా ఉన్నప్పుడు తిన్న మొక్కల్లో చేదు ఆల్కలాయిడ్లు ఎంత ఉంటే గొట్టాలు అంత పెద్దవవుతాయట. ఏడు ఫొటోలు తీశాను, రెండు పనికొచ్చాయి.

*మొత్తం: 18 రాత్రులు, 1,876 ఫొటోలు, 131 రకాలు, 41 పేర్లు. ఖర్చు 7,390.*

దశ 4: పేర్లు, వెనక్కి తీసుకున్న పేర్లు (సెప్టెంబరు 14 – 29)

మన దేశంలో రెక్కల పురుగుల జాతులు 10,000కు పైగా ఉన్నాయి. వరసగా బొమ్మలు తిప్పుతూ పోతే జీవితం చాలదు. ముందు కుటుంబం (పోలికలున్న జాతుల పెద్ద గుంపు) పట్టుకోవాలి, దానికి కూర్చునే తీరు చాలు. రెక్కలు బల్లపరుపుగా పరిచి గోడకు అతుక్కుంటే జియోమెట్రిడే కావచ్చు, వాటి పిల్లలే జానలు కొలిచినట్టు నడిచేవి. పొడుగు కాళ్ళు, ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన భాగం, త్రికోణం ఆకారం ఉంటే క్రాంబిడే. విమానంలా వెనక్కి వాలిన సన్నటి గట్టి రెక్కలు, బరువైన ఒళ్ళు అయితే స్ఫింజిడే. ఈ ఒక్క అలవాటుతో వెతకాల్సిన బొమ్మలు పదో వంతుకు తగ్గాయి.

ఫోనులో ఐనాచురలిస్ట్ (ఫొటో చూసి జీవి పేరు సూచించే యాప్) చెప్పే పేరును నమ్మి నేను చేసిన తప్పులు ఇవి. మొదటి వారంలో ఒక చిన్న పసుపు పురుగుకు దక్షిణ అమెరికా జాతి పేరు పెట్టాను. సూచన వచ్చాక ఆ జాతి ఎక్కడ ఉంటుందో పటం చూడాలి. అక్కడ తెలిసినవాళ్ళు దిద్దారు, ఎవరూ విసుక్కోలేదు.

పెద్ద తప్పు పొగాకు లద్దె పురుగు దగ్గర జరిగింది. అది అందరికీ తెలిసిందే కదా అన్న ధీమాతో, గోధుమరంగు మీద లేతగీతలు అల్లుకున్న ప్రతిదానికీ స్పోడోప్టెరా లిటురా అని రాశాను. పక్కనుంచి తీసిన ఫొటోలు తిరగేస్తే కొన్ని మగవాటి ముందు కాళ్ళు జూలు పెరిగినట్టు వెంట్రుకలతో ఉబ్బి ఉన్నాయి. అది వరిని తినే స్పోడోప్టెరా మారిషియా లక్షణం. 23లో ఆరింటి పేరు మార్చాను. పక్క ఫొటో లేని మరో నాలుగింటిని "స్పోడోప్టెరా" అనే ప్రజాతి (దగ్గరి జాతుల చిన్న గుంపు) పేరు దగ్గరే ఆపాను. అక్కడ ఆపడం ఓటమిగా అనిపించేది మొదట్లో. ఇప్పుడు అదే సరైన పేరు అనిపిస్తోంది, ఎందుకంటే ఫొటోలో ఉన్న ఆధారం అంతవరకే. కొన్ని జాతులను పొట్ట చివరి భాగాలు విప్పి సూక్ష్మదర్శినిలో చూస్తే గానీ విడదీయలేం. నేను చంపను కాబట్టి అవి నా జాబితాలో ఎప్పటికీ సగం పేరుతోనే ఉంటాయి.

పేర్లు మారడం ఇంకో చిక్కు. బత్తాయి పండును కుట్టే పురుగు వ్యవసాయ పాఠాల్లో ఒథ్రైస్ అని ఉంది. హ్యాంప్సన్ 1892 నుంచి 1896 వరకు నాలుగు సంపుటాలుగా తెచ్చిన బ్రిటిష్ ఇండియా రెక్కల పురుగుల గ్రంథంలో ఓఫిడెరెస్ అని ఉంది. ఇప్పుడు అందరూ రాసేది యూడోసిమా. ఇవి మూడు వేర్వేరు పురుగులనుకుని నోటు పుస్తకంలో మూడు పేజీలు కేటాయించాను. ఒక పేరు దొరికితే ముందు దాని పాత పేర్లు కూడా రాసుకోండి.

*మొత్తం: 22 రాత్రులు, 2,390 ఫొటోలు, 157 రకాలు. పేర్లు 58 అయ్యాయి, ఏడు వెనక్కి తీసుకున్నాక 51. ఖర్చు మారలేదు.*

దశ 5: దీపానికి రాని పురుగు (అక్టోబరు 4 – నవంబరు 20)

సెప్టెంబరు చివర నుంచి బత్తాయిలు రాలుతున్నాయి. నాయన పండు ఈగ అన్నాడు. రాలినవి 50 ఏరి ఇద్దరం కత్తితో కోశాం. 11 కాయల్లో ఈగ పిల్లలు కదులుతున్నాయి. 27 కాయలకు సూదితో గుచ్చినంత రంధ్రం, చుట్టూ గోధుమరంగు మచ్చ, లోపల పురుగు లేదు, నొక్కితే రంధ్రంలోంచి రసం చిమ్మింది. 12 వేరే కారణాలతో రాలినవి. ఆ 27 రెక్కల పురుగు కుట్టినవి. అప్పటికి 22 రాత్రులు దీపం వెలిగించాను, ఆ పురుగు ఒక్కసారి కూడా రాలేదు. పండు కుట్టే ఈ జాతులు దీపాన్ని అంతగా లెక్కచేయవు. వాటికి ఎర పండు వాసనే.

ఎర తయారీ, మూడోసారికి కుదిరిన పాళ్ళు:

1. బెల్లం అర కిలో, నల్లగా మాగిన అరటిపండ్లు నాలుగు, గ్లాసు నీళ్ళు. తీగపాకం వచ్చేదాకా కాచాలి.
2. చల్లారాక తాటికల్లు 200 మిల్లీలీటర్లు కలిపి రెండు రోజులు మూత వదులుగా పెట్టి ఉంచాలి.
3. మూరెడు జనపనార తాళ్ళను అందులో నానబెట్టి, పొద్దు గూకేటప్పుడు కొమ్మలకు వేలాడదీయాలి.

మొదటి రోజు పాకం పలచనై కారిపోయింది. రెండో రోజు చిక్కగా చేసి చెట్టు బెరడుకు పూశాను, గంటలో గండుచీమలు బారులు తీరాయి. మూడో రోజు తాళ్ళను సన్నటి ఇనుప తీగకు కట్టి, తీగ మధ్యలో కొట్టు గ్రీజు పట్టించాను. చీమలు అక్కడే ఆగిపోయాయి. బెల్లం, పండ్లు, కల్లు అన్నీ కలిపి 240.

గట్టు మీద చెట్లకు కూడా కడదామనుకుంటే నాయన ఆపాడు. "ఆ వాసనకు ఎలుగుబంటి దిగుతుంది. కొండ ఎంత దూరం ఉంది?" నిజమే, వెలిగొండల్లో ఎలుగులు ఉన్నాయి, తీపికి వస్తాయి. తాళ్ళను ఇంటికి 30 అడుగుల లోపే కట్టి, తెల్లవారేలోపు విప్పి నీళ్ళ డబ్బాలో ముంచుతున్నాను. పెంచలకోన వైపు అభయారణ్యంలోకి రాత్రిపూట అడుగు పెట్టే ప్రశ్నే లేదు, దానికి అటవీశాఖ అనుమతి కావాలి.

అక్టోబరు 8, రాత్రి 9 గంటల 20 నిమిషాలు. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి వెళ్ళాను. తాళ్ళ మీద ఆముదం నామాల పురుగు తల్లులు మూడు. వాటి పైన బత్తాయి మీద రెండు నారింజరంగు నిప్పుకణికల్లా కళ్ళు మెరిశాయి. దగ్గరికి వెళితే పండుకు ఎండుటాకు అతుక్కున్నట్టుంది, ముందు రెక్కల మీద ఆకు ఈనెల్లాంటి గీతలతో సహా. తొండం తొక్కలోకి సగం దిగి ఉంది. తల అటూ ఇటూ తిప్పుతూ, రంధ్రం చేసే బర్మా తిప్పినట్టు దాన్ని లోపలికి దింపుతోంది. సీతాకోకచిలుక తొండం మెత్తగా పూలకు పనికొచ్చేది. దీని తొండం కొన గట్టిగా, ముళ్ళతో ఉండి, బత్తాయి తొక్కను చీలుస్తుంది. కుంచెతో రెక్క అంచు తాకాను. ఎండుటాకు విచ్చుకుని లోపల పండు నారింజరంగు బయటపడింది, మధ్యలో గుండ్రటి నల్లబొట్టు, అంచున నల్లపట్టీ, పట్టీలో తెల్లచుక్కలు. యూడోసిమా మెటర్నా. బొట్టు గుండ్రంగా కాక కామాలా వంకర తిరిగి ఉంటే యూడోసిమా ఫలోనియా. అక్టోబరు 12 దాకా ఏడు పురుగులు ఫొటోకు దొరికాయి, ఐదు మెటర్నా, రెండు ఫలోనియా. వెనుక రెక్క కనిపించకపోతే ఏడూ నా పుస్తకంలో "ఎండుటాకు" గానే మిగిలేవి.

అక్టోబరు మధ్యలో వాయుగుండం. దీపం లేదు, ఎర లేదు.

ఈ పురుగు పిల్లలు బత్తాయి చెట్టు మీద పెరగవు, తిప్పతీగ ఆకు తింటాయి. మా కంచె నిండా తిప్పతీగే. అక్టోబరు 27న వెతికితే ముదురురంగు గొంగళి ఒకటి దొరికింది, ఒంటికి రెండు వైపులా కళ్ళలాంటి మచ్చలు, తాకితే తల ముడిచి తోక పైకెత్తింది. పెద్ద సీసాలో రోజూ తాజా ఆకు వేసి పెంచాను. నవంబరు 5న రెండు ఆకులను పట్టుదారంతో కుట్టుకుని లోపల ప్యూపాగా మారింది. నవంబరు 19 రాత్రి, 14 రోజులకు, రెక్కల పురుగు బయటికి వచ్చింది. గంటసేపు తడి రెక్కలు ఆరబెట్టుకుంటుంటే వెనుక రెక్క తెరిచే ఉంది. గుండ్రటి బొట్టు.

నాయన అంతా చూసి, బత్తాయిల దగ్గరి కంచె మీద తిప్పతీగ కోసేశాడు. ఊళ్ళో కషాయానికి అడిగేవాళ్ళు ఉంటారని బావి వైపున్న తీగ మాత్రం ఉంచాడు. రాలిన కాయలను రోజూ ఏరి గుంటలో పూడుస్తున్నాం, ఆ వాసనకే మిగతావి వస్తాయి కాబట్టి. వచ్చే ఏడాది ఆగస్టు నుంచే కాయలకు సంచులు కట్టాలనీ, పొద్దు గూకాక చెట్ల కింద పొగ పెట్టాలనీ అనుకున్నాం.

*మొత్తం: 29 రాత్రులు, 2,930 ఫొటోలు, 186 రకాలు. జాతి దాకా 74, ప్రజాతి దాకా 51, కుటుంబం దాకా 61. ఖర్చు 7,630.*

సీసాలో పుట్టినదాన్ని నవంబరు 20 సాయంత్రం బావి వైపు తీగ దగ్గర వదిలాను. కాసేపు ఆకు కింద వేలాడి, చీకటి పడగానే కొండ వైపు వెళ్ళింది. ఆ తీగ ఆకుల అడుగున గుడ్లు కనిపిస్తాయేమోనని రోజూ చూస్తున్నాను. కనిపిస్తే రోజుల లెక్క మొదటి నుంచి రాయాలి.